గెడ్డ గట్టు కోసేసింది – ఈ జవాబు తప్పా?

సందేహం: నేను శ్రీకాకుళం జిల్లాలో నాలుగో తరగతికి చెప్తాను. వరద వల్ల నేల ఎలా మారుతుందని అడిగితే ఒక పాప «ఉప్పెనొచ్చి గెడ్డ గట్టు కోసేసింది, మా పొలంలో ఇసుక మేట వేసింది» అని రాసింది (గెడ్డ అంటే మా వైపు వాగు). క్రమక్షయం, నిక్షేపణ అని రాయాలని నేను కొట్టేశాను. వాళ్ల నాన్నగారు వచ్చి, పాప రాసినదాంట్లో తప్పేముందని అడిగారు. ఏది సరైనది?

సమాధానం: టీచరు గారూ, ఆ నాన్నగారి మాటే చాలావరకు న్యాయం. కోత, మేట అన్నవి మోటు మాటలేం కావు, శాస్త్రం అడిగే రెండు పనులనీ సూటిగా చెప్పే మాటలు. మేయు నుంచి మేత, నేయు నుంచి నేత, మోయు నుంచి మోత వచ్చినట్టే కోయు నుంచి కోత వచ్చింది. వరికోతతో కలిసిపోతుందన్న భయం అక్కర్లేదు, ఏటి కోత, గట్టు కోత అంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

క్రమక్షయంలో ‘క్రమ’ అన్న ముక్క ఉంది చూడండి, కొంచెం కొంచెంగా అరిగిపోవడం అని దాని అర్థం. కొండరాయి వందల ఏళ్లు వానకీ గాలికీ అరగడానికి అది చక్కగా సరిపోతుంది. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటిలాంటి వానలకి గెడ్డ పొంగి రాత్రికి రాత్రి గట్టు పట్టుకుపోతే, అందులో క్రమం ఎక్కడుంది? కోత అంటే నెమ్మదిగా జరిగినదైనా ఒక్కపూటలో జరిగినదైనా రెండూ వస్తాయి.

ఇక నిక్షేపణ. ఇంట్లో పాప «నిక్షేపంగా ఉన్నాం» అని వింటుంది, కథల్లో నిధి నిక్షేపాలు అని వింటుంది, అంటే ఆ మాట చుట్టూ తనకి తెలిసిందంతా మంచే. అలాంటప్పుడు పంట పోగొట్టిన ఇసుకని ఆ మాటతో చెప్పమంటే ఎలా ఒప్పుకుంటుంది? పైగా మన రైతులు ఇంకా తేడాగా చూస్తారు: పొలాన్ని పాడుచేసే ఇసుక మేట వేరు, పంటకి బలమిచ్చే ఒండ్రు వేరు. నిక్షేపణ ఈ రెంటికీ కలిపి పేరు. పై తరగతుల్లో పరీక్షకి కావాలి కాబట్టి అది కూడా నేర్పండి, అయితే కోత, మేట చెప్పాకే, వాటి పక్కన.

మొక్కల పాఠంలో మన పుస్తకాలు ఈ పని ఎప్పుడో చేశాయి. తల్లివేరు, కాడ, ఈనె అని పిల్లలకి తెలిసిన మాటలే పెట్టాయి. మీ జిల్లాలో కొబ్బరితోటలుండే ఉద్దానం ప్రాంతం పిల్లలకి ఈనె అంటే బొమ్మ గీసి చూపించక్కర్లేదు, కొబ్బరాకు చీల్చి ఈనెలు తీసి చీపురు కట్టడం ఇంట్లోనే చూస్తారు. అదే పాఠంలో ‘ఈనెల వ్యాపనం’ దగ్గరికి వచ్చేసరికి రెండో మాట దగ్గర ఆగిపోతారు. ఆకులో ఈనెలు పరుచుకున్న తీరు అని చెప్పి చూడండి, నాకైతే ఇదే బాగుందనిపిస్తుంది.

పాప జవాబులో దిద్దాల్సింది ఒక్కటే, ఉప్పెన. ఈనాటి వాడుకలో అది తుపానుకి సముద్రం ఎగదన్ని ఊళ్ల మీద పడటం, 1977 నవంబరులో దివిసీమని ముంచేసింది అదే. గెడ్డ పొంగితే వరద. ఆ ఒక్క మాట దిద్ది, మిగతాదానికి మార్కులు వేసేయండి.