చదివింది నిలవాలంటే పుస్తకం మూయాలి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

అనాటమీ నాలుగుసార్లు చదివినా పరీక్షలో ఒక్క నరం పేరూ గుర్తుకు రాలేదని, "నా బుర్ర మెడిసిన్‌కు పనికిరాదేమో" అని రాశావు. ఆ మాటకు మనసు చివుక్కుమంది. నీ బుర్రకు ఏ లోటూ లేదు తల్లీ. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాడిగా అంటున్నాను, చిక్కంతా చదివే తీరులో ఉంది.

రెండోసారి చదివేటప్పుడు పేజీ పరిచయంగా కనిపిస్తుంది. ఆ పరిచయాన్నే మనం వచ్చేసిందని పొరబడతాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు 42 శాతమే మిగిలింది, చూడకుండా రాసినవారికి 56 శాతం నిలిచింది. నీ పరీక్ష వారానికో నెలకో వస్తుంది కదా!

మన అవధానులు ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. పద్యం అడిగే పృచ్ఛకుల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ నాలుగు ఆవృత్తులు తిరుగుతారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం వచ్చి పడుతుంది. అయినా ప్రతి ఆవృత్తిలోనూ వెనకటి పాదాన్ని మనసులోంచి పైకి తీయవలసిందే. చివర పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పే ధారణ వేళకు ప్రతి పద్యాన్నీ అలా ఎన్నోసార్లు తీసి ఉంటారు. యతి ప్రాసలు పట్టుకొమ్మల్లా సాయపడతాయనుకో.

నువ్వూ అలాగే చెయ్యి. ఒక పేజీ చదివి పుస్తకం మూసెయ్యి. తెల్లకాగితం మీద బొమ్మ గీసి పేర్లు రాయి. రాకపోతే వెంటనే పుస్తకం తెరవకు, కాసేపు వెతుక్కో. ఆ తర్వాతే తప్పులు సరిచూసుకో. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి ఇలాగే.

రాత్రంతా మేలుకుని చదవడం మాత్రం మానెయ్యి, ఇది గట్టిగా చెబుతున్నాను. 1953లో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గాలని మెదడు లోపల రెండువైపులా ఉండే హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. అప్పటి నుంచి కొత్తగా కలిసినవారిని కాసేపటికే మరిచిపోయేవాడు, చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పగలిగేవాడు. కొత్త జ్ఞాపకాన్ని మొదట పట్టుకునేది హిప్పోకాంపస్ అని, కాలం గడిచేకొద్దీ ఆ జ్ఞాపకం మెదడు పైపొరలో స్థిరపడుతుందని అలా తెలిసింది. పగలు చదివినదాన్ని మెదడు గాఢనిద్రలో మళ్లీ నెమరువేస్తుంది. నిద్ర మానితే ఆ పని ఆగిపోతుంది.

ఆ మొలైసన్‌తోనే బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించారు. మూడు రోజుల్లో చేయి తిరిగింది, గీసిన సంగతి మాత్రం గుర్తులేదు. చేతి నేర్పు నిలిచే దారి వేరు. శరీరాన్ని కోసి చూసే డిసెక్షన్‌లో చేయి కుదిరిందని పేర్లు వాటంతట అవే వస్తాయనుకోకు, వాటిని విడిగా వల్లెవేయాలి.

ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను. మెడ నుంచి చేతికి దిగే బ్రాకియల్ ప్లెక్సస్ అనే నరాల అల్లికను అయిదు మూలాల దగ్గర మొదలుపెట్టి చివరి దాకా నాకు చెప్పాలి. పుస్తకం నా దగ్గర తెరిచి ఉంటుంది, నీ దగ్గర మూసి ఉండాలి.

తాతయ్య