పల్ప్ ఫ్యాక్టరీ వైరింగ్ పని ఒప్పుకున్న మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ ఫ్యాక్టరీ కొత్త షెడ్డుకు ఎలక్ట్రికల్ పని మొత్తం నీ పేరు మీదే ఒప్పుకున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. పద్మావతి మహిళా పాలిటెక్నిక్‌లో ట్రిపుల్ ఈ, అంటే ఎలక్ట్రికల్ డిప్లొమా, చేరతానని నువ్వు పట్టుబట్టినప్పుడు, ఆడపిల్లకు స్తంభాలెక్కే చదువెందుకని అన్నవాళ్లలో మన ఇంటివాళ్లే ఎక్కువ. వాళ్లందరికీ ఈ కబురు నేనే వెళ్లి చెప్పి వచ్చాను. అయితే మీ అమ్మ మాటల మధ్యలో ఇంకో సంగతి కూడా చెప్పింది. తోతాపురి కాయ దిగేలోపు షెడ్డు చార్జ్ చేసి, అంటే కరెంటు ఎక్కించి, అప్పగించాలని ఓనరు గట్టిగా అడిగాడట. టెస్ట్ రిపోర్టులు ఆఖర్న కూర్చుని ఒకేసారి రాసుకోవచ్చులే అని నువ్వు అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

నీకు తెలిసినవాటి గురించి ఎక్కువ రాయను. కాంట్రాక్టరు లైసెన్సు నీ దగ్గర ఉంటే చాలదు, పని చేసే ప్రతి వైర్‌మన్‌కూ పర్మిట్ ఉండాలి. వైరు మీద ఐ.ఎస్. 694, పి.వి.సి. ఆర్మర్డ్ కేబుల్ మీద ఐ.ఎస్. 1554 ముద్ర చూసి, బిల్లుతోపాటు కంపెనీ టెస్ట్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకో. డ్రాయింగ్‌లో లేని మార్పు సైటులో జరిగితే ఆ పూటే ఎర్ర పెన్నుతో డ్రాయింగ్ మీద ఎక్కించు. నేను 1956 నాటి రూల్సు చదివి పరీక్ష రాసినవాణ్ణి; వాటి తర్వాత 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు వచ్చాయి, 2023లో మళ్లీ కొత్తవి వచ్చాయి, కాబట్టి నా అల్మారాలోని పుస్తకాలు అడగకుండా కొత్త ప్రతి దగ్గర పెట్టుకో. అది 11 కె.వి. సర్వీసు, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి కాగితం చేతికి రాకుండా చార్జింగ్ మాట ఎత్తవద్దని ఓనరుకు ఇప్పుడే చెప్పేయి. జూన్‌లో చెబితే గొడవ అవుతుంది.

లీకైన కరెంటును నేలలోకి దింపే ఎర్త్ పిట్ల దగ్గర మాత్రం కొంచెం ఆగు. చిత్తూరు వైపు నేల సంగతి నీకు తెలుసు, చాలా చోట్ల నాలుగడుగులు తవ్వేసరికి బండ తగులుతుంది. బండ తగిలితే కూలీలు పైపును ఆ మేరకు కోసేసి, బొగ్గూ ఉప్పూ పోసి, పైన సిమెంటు మూత పెట్టేస్తారు. ఆ తర్వాత లోపల రెండున్నర మీటర్ల పైపు ఉందో, మీటరు ముక్కే ఉందో ఎవరికీ తెలియదు. పైపు దించేటప్పుడు నువ్వు గుంత ఒడ్డున నిలబడి ఉండాలి. బండ వస్తే గుంత చోటు మార్చు, లేదా ఎలక్ట్రోడులు, అంటే ఆ పైపులు, పెంచి లోహపు స్ట్రిప్పుతో కలుపు. కరెంటుకు నేల ఎంత అడ్డు పడుతోందో రీడింగు తీసేటప్పుడు గట్టినేలలో టెస్టర్ మేకులు దిగడం లేదని పిట్ పక్కనే గుచ్చి చూపించేవాళ్లు ఉన్నారు. అలా వచ్చే అంకె తక్కువగా, చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ అది అబద్ధం. కరెంటు మేకు దూరంగా పోవాలి, మధ్య మేకును అటూ ఇటూ జరిపి చూసినా అంకె పెద్దగా మారకూడదు, అప్పుడే దాన్ని రాసుకో. నవంబరు వానలకు నేల నానినప్పుడు ఏ పిట్ అయినా మంచి రీడింగే ఇస్తుంది. నీ పని మే ఎండల్లో తెములుతుంది కాబట్టి అదొక్కటీ నీకు కలిసొచ్చింది.

ఇక ఈ ఉత్తరం దేనికోసమో అది చెబుతాను.

చాలా ఏళ్ల కిందట, పేరు రాయను, ఒక పల్ప్ ఫ్యాక్టరీలో కాయలు కడిగే చోట షాకు కొట్టి ఒక ఆడకూలీ పడిపోయింది. సీజనుకని పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. పక్కనున్న కుర్రాడు తెలివిగా ప్లగ్గు లాగేశాడు కాబట్టి ప్రాణం దక్కింది గానీ, అరచెయ్యి కాలి, ఆ చేత్తో మళ్లీ బిందె ఎత్తలేకపోయిందని తర్వాత విన్నాను. ఆ పని చేసిన కాంట్రాక్టరు వేరే. ఏం జరిగిందో చూసి చెప్పమని ఓనరు మరునాడు నన్ను పిలిపించాడు. కడిగే పంపు చక్రాల బండి మీద ఉంది. దాని కేబుల్ మీదుగా క్రేట్ల బండ్లు తిరిగి తిరిగి పైతొడుగు చిరిగింది, ప్లగ్గులో ఎర్త్ వైరు ఊడి ఉంది. ఇవి రెండూ జరగకూడనివే, కానీ నీళ్లలో పనిచేసే చోట ఎప్పుడో ఒకప్పుడు జరుగుతాయనే కదా, కరెంటు దారి తప్పి లీకైతే సప్లై తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టేది. ప్యానెల్లో అది ఉంది, కొత్తది, లివర్ పైకే ఉంది. ఫైలు తీస్తే అంతకుముందు వారమే తనిఖీ చేసినట్టు, టెస్ట్ బటన్ సరిగా పనిచేస్తున్నట్టు సంతకంతో సహా రాసి ఉంది. నేనూ బటన్ నొక్కాను. లివర్ టక్కున పడింది. తల ఎత్తి చూస్తే అదే సర్క్యూట్ మీదున్న ట్యూబులైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

మూత విప్పితే సంగతి తెలిసింది. ఆర్.సి.సి.బి. కింది నుంచి పోవలసిన ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఊడదీసి, పైన కరెంటు వచ్చే టెర్మినళ్లలోనే బిగించారు. పరికరానికి సప్లై ఉంది, బటన్ నొక్కితే పడుతుంది, కానీ దాని గుండా ఒక్క దీపానికీ కరెంటు పోవడం లేదు. రిపోర్టు రాసినవాడు అబద్ధం రాయలేదమ్మా, నిజంగానే నొక్కి చూసి రాశాడు. చూడవలసిన చోట చూడలేదు, అంతే.

అలా ఎందుకు చేశారంటే, సీజను మధ్యలో రోజూ సాయంత్రం కాగానే అది ట్రిప్పయ్యేది. లైను ఆగేది, బయట లారీలు నిలబడిపోయేవి, అందరూ ఎలక్ట్రీషియన్ మీద పడేవాళ్లు. పంపు మార్చారు, ఆర్.సి.సి.బి.నే మార్చారు, అయినా ఆగలేదు. చివరికి ఈ సీజను గడిస్తే చాలని దాన్ని తప్పించి వైర్లు కలిపేశారు. అసలు కారణం గేటు దగ్గరుంది. లారీలు దింపుకోవడానికి ఎవరో అక్కడ నూరు వాట్ల బల్బు వేస్తూ, ఫేజు ఈ సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ దగ్గర్లో దొరికిన ఇంకో సర్క్యూట్ నుంచి లాగారు. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని చూడటమే ఆర్.సి.సి.బి. పని. ఆ బల్బు తీసుకునే కరెంటు 400 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది, అదంతా వేరే దారిన తిరిగి వెళుతోంది, పడక ఏం చేస్తుంది? చీకటి పడి బల్బు వేసినప్పుడే ఎందుకు పడుతోందని ఒక్కరైనా అడిగి ఉంటే అరగంటలో తేలిపోయేది. సెన్సిటివ్ ఎక్కువ, రకం మంచిది కాదు అని ఎవరైనా నా దగ్గర అన్నప్పుడల్లా నాకు ఆ గేటు బల్బే గుర్తుకొస్తుంది.

అందుకని నువ్వు చేయవలసింది ఏమిటంటే, ప్రతి ఆర్.సి.సి.బి.కీ దాని న్యూట్రల్ బార్ దానికే ఉండాలి, ప్రతి న్యూట్రల్‌కూ నంబరు ఫెరూల్, అంటే వైరుకు తొడిగే నంబరు ముక్క, వేయించాలి. ఆర్.సి.సి.బి. టెస్టును ప్యానెల్ దగ్గర చేయకు. ఆ సర్క్యూట్‌లో అన్నిటికంటే దూరాన ఉన్న సాకెట్‌కు వెళ్లి టెస్టర్ పెట్టు. 15 మిల్లీ ఆంపియర్లకు పడకూడదు, 30కి 300 మిల్లీ సెకన్లలోపు, 150కి 40 మిల్లీ సెకన్లలోపు పడాలి. అలా చేస్తే ఆ సాకెట్ ఎర్త్ కూడా అక్కడే బయటపడుతుంది. పడిన తర్వాత అక్కడ సప్లై నిజంగా పోయిందో లేదో టెస్ట్ ల్యాంపుతో చూసి, ఎన్ని మిల్లీ సెకన్లు వచ్చిందో అక్కడే నిలబడి రాయి. ఆఖర్న కూర్చుని రాసే రిపోర్టులో అన్ని గళ్లలోనూ సరి అనే ఉంటుంది. నువ్వు అలాంటి కాగితం మీద సంతకం పెట్టడం నాకు ఇష్టం లేదు, మీ నాన్న ఉంటే ఆయన కూడా ఊరుకునేవాడు కాదు.

వైరు తొడుగు లీకు లేకుండా ఉందో లేదో చూసే మెగ్గర్ రీడింగుకు కూడా ఇదే వర్తిస్తుంది. 500 వోల్టుల మీద ఒక మెగా ఓం దాటితే పుస్తకం ప్రకారం పాసే, కానీ కొత్త వైరింగు అంత తక్కువ చూపిస్తే ఎక్కడో తడి తగిలిందనో, పైపులో వైరు గీసుకుపోయిందనో అనుమానించాలి. డ్రైవులు, అంటే మోటారు వేగం మార్చే పెట్టెలు, ఉంటే ముందు విడదీయి, లేకపోతే అవి పోతాయి. ఆ తర్వాత నా మాట విని, కూలీలు షిఫ్ట్ అయ్యాక ఎలా కడుగుతారో అలా హోసు పెట్టి షెడ్డంతా కడిగించి, సప్లై తీసే ఉంచి, మళ్లీ ఒకసారి రీడింగు తీయి. ఇది ఏ ఫారంలోనూ ఉండదు. పైనుంచి కేబుల్ దించిన పెట్టెలన్నీ అప్పుడు బయటపడతాయి. నీళ్లు కేబుల్ పట్టుకునే లోపలికి దిగుతాయి, కేబుల్ దూరే చోట పెట్టే గ్లాండు ఎంత బిగించినా. కింది నుంచే ఎక్కించు.

పని చేసేటప్పుడు మెయిన్‌కు నీ తాళం, తాళంచెవి నీ జేబులో. మెయిన్ తీసినా జనరేటరు నుంచి కరెంటు రావచ్చని మర్చిపోకు. నియాన్ టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదని ఎవరు చెప్పినా వినకు. రబ్బరు చెప్పులతో తిరగకుండా సేఫ్టీ బూట్లు కొనుక్కో, డబ్బులు నేను పంపుతాను. మధ్యాహ్నం తినకుండా పని చేస్తున్నావని కూడా విన్నాను. తిండి లేని మనిషి ఫేజుకూ న్యూట్రల్‌కూ తేడా చూడలేదు పాపా. దారిలో కాణిపాకంలో దిగి దండం పెట్టుకుని వెళ్లమని మీ అమ్మ అంటోంది, ఆమె మాట కాదనకు.

నా చేతిమెగ్గర్ ఇమ్మని అడిగావు. అది ఇవ్వను. దానికి కాలిబ్రేషన్ గడువు ఎప్పుడో తీరిపోయింది, దానితో తీసిన అంకె రిపోర్టులో రాస్తే ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. సర్టిఫికెట్ ఉన్నది అద్దెకు తీసుకో. హోసు పెట్టి కడిగించే రోజు ముందుగా చెబితే నేను పొద్దున్నే బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య