లండన్‌లో ఫ్లాట్ లీజు పొడిగింపు: రేటు కుదరకపోతే ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చా?

మీ లీజు 78 ఏళ్లే మిగిలింది, ఫ్రీహోల్డర్ (బిల్డింగ్ అసలు యజమాని) అడిగేదానికీ మీ సర్వేయర్ (పొడిగింపు ధర లెక్కగట్టే నిపుణుడు) చెప్పేదానికీ పొంతన లేదు, ట్రైబ్యునల్‌కి (ఇలాంటి పేచీలు తేల్చే కోర్టులాంటిది) వెళితే అన్ని కేసుల మధ్య మనది ఎప్పటికి తేలుతుందని కదా మీ టెన్షన్. మాదీ హారోలో ఇలాంటి ఫ్లాటే. అప్లికేషన్ వేశాం, విచారణ దాకా పోకుండానే రేటు కుదిరింది. మనకి కోర్టు అనగానే వాయిదాలే గుర్తొస్తాయి గానీ ఇక్కడి పద్ధతి వేరు.

ప్రతి కేసులోనూ మొదటినుంచీ వాదించుకోనక్కర్లేదు. పెద్ద లెక్కలు పాత తీర్పుల్లో ముందే తేలిపోయాయి. ఉదాహరణకి డిఫర్‌మెంట్ రేటు, అంటే లీజు ముగిశాక ఫ్రీహోల్డర్‌కి దక్కే ఫ్లాటు విలువని ఈనాటి విలువకి తగ్గించి లెక్కగట్టే శాతం. స్పోర్టెల్లి కేసులో 2006లో ల్యాండ్స్ ట్రైబ్యునల్ ఫ్లాట్లకి 5 శాతం అని ఖాయం చేసింది, అప్పటినుంచీ మామూలుగా అదే వాడుతున్నారు. 3 లక్షల పౌండ్ల ఫ్లాటుకి, 78 ఏళ్లకి, 5 శాతం వేస్తే ఫ్రీహోల్డర్ వాటా సుమారు 6,700 పౌండ్లు. అదే 4 శాతమైతే 14,000 దాటుతుంది. దీని మీదే ప్రతి ఇంటివాళ్లూ కొట్టుకుంటే ట్రైబ్యునల్ ఎప్పటికి తెమలాలి?

80 ఏళ్ల లోపు లీజుకి అసలు పేచీ మ్యారేజ్ వాల్యూ దగ్గర, అంటే పొడిగింపు వల్ల పెరిగే విలువ, అందులో ఫ్రీహోల్డర్‌కీ వాటా ఇవ్వాలి. దాన్ని తీసేస్తూ 2024లో చట్టం చేశారు గానీ, నేను రాసేనాటికి ఆ భాగం ఇంకా అమల్లోకి రాలేదు.

ట్రైబ్యునల్ నుంచి మాకొచ్చిన ఆదేశాలూ మా బిల్డింగ్‌లోనే పక్కింటివాళ్లకి వచ్చినవీ పక్కపక్కన పెట్టి చూశాం. పేర్లు, ఫ్లాట్ నంబరు, తేదీలు తప్ప మిగతాదంతా ఒకటే. సారాంశం: ముందు మీలో మీరు మాట్లాడుకోండి, కుదరనివి ఏవో ఇద్దరు సర్వేయర్లూ కలిసి రాసివ్వండి. అలా రాయడానికి కూర్చున్నప్పుడే మా బేరం తెగింది.

గడువు మాత్రం దాటనివ్వకండి. మీరిచ్చిన పొడిగింపు నోటీసుకి ఫ్రీహోల్డర్ జవాబు (కౌంటర్ నోటీసు) వచ్చాక రెండు నెలలు ఆగి, ఆరు నెలల్లోపు అప్లికేషన్ పడాలి. లేకపోతే మీ నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క, మళ్లీ ఇవ్వాలంటే 12 నెలలు ఆగాలి. "మాట్లాడుతున్నాం కదా, తొందరేముంది" అని అవతలివాళ్లు అన్నా వినొద్దు, ఒక పక్క మాట్లాడుతూనే అప్లికేషన్ వేసేయండి. కేసు నడిచేలోగా ఏళ్లు తగ్గుతాయన్న భయం వద్దు, మీరు మొదట నోటీసు ఇచ్చిన తేదీ నాటి విలువే కడతారు. ఫ్రీహోల్డర్ వాల్యుయేషన్, లాయరు ఖర్చులు సమంజసమైన మేరకు మనమే భరించాలి, అది కాస్త మంట పుట్టించేదే. ట్రైబ్యునల్‌లో వాదించడానికి వాళ్లకయ్యే ఖర్చు మాత్రం మన నెత్తిన పడదు.

రేటు కుదిరాక రెండు నెలల్లో కొత్త లీజు మీద సంతకాలు కాకపోతే, ఆ తర్వాతి రెండు నెలల్లో కౌంటీ కోర్టుకి వెళ్లాల్సి ఉంటుంది. ఆ తేదీలు ఇప్పుడే మీ సొలిసిటర్‌ని అడిగి రాయించుకోండి.