పీజేఆర్ ఖైరతాబాద్, మా బోరబండ

ఖైరతాబాద్‌కు ఇప్పటిదాకా ఎవరెవరు ఎమ్మెల్యేలుగా చేశారు, పాత జనం ఇంకా కాంగ్రెస్ నాయకుడు పీజేఆర్, అంటే పి. జనార్దన్ రెడ్డి పేరే ఎందుకు తలుచుకుంటారు అని అడిగారు. నేను బోరబండలో పుట్టి పెరిగినవాణ్ణి. మా బస్తీ ఇప్పుడు ఆ నియోజకవర్గంలో లేదు. కానీ 2009కి ముందు మా ఇంట్లోవాళ్లంతా ఓటేసింది ఖైరతాబాద్‌కే, అందుకే చెబుతున్నా.

ముందు పేర్లు చెప్పేస్తా. పి. జనార్దన్ రెడ్డి 1978లో మొదటిసారి గెలిచారు. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో సీటు తెలుగుదేశానికి పోయింది. ఆ తర్వాత 1985, 1989, 1994లో వరసగా ఆయనే. 1994లో రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు వచ్చినవి 26 సీట్లు, అందులో మాది ఒకటి. అంత ఎదురుగాలిలో ఆయన్ని నిలబెట్టింది పార్టీ కాదు, బస్తీలు. 1999లో మాత్రం సీబీఐ డైరెక్టర్‌గా చేసి వచ్చిన కె. విజయరామారావు తెలుగుదేశం తరఫున ఆయన్ని ఓడించి మంత్రి కూడా అయ్యారు. 2004లో మళ్లీ పీజేఆర్. 2007 డిసెంబర్ 28న గుండెపోటుతో పోయారు. 2008 ఉప ఎన్నికలో ఆయన కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు.

పాత ఖైరతాబాద్ కథ అక్కడితో అయిపోయింది. 2009 నుంచి దానం నాగేందర్, 2014లో బీజేపీ నుంచి చింతల రామచంద్రారెడ్డి, 2018, 2023లో మళ్లీ దానం అని జాబితా చదువుతుంటే అదే నియోజకవర్గం సాగుతున్నట్టు అనిపిస్తుంది. పేరు ఒక్కటే మిగిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అతి పెద్ద నియోజకవర్గాల్లో ఒకటైన దాన్ని పునర్విభజనలో ముక్కలు చేశారు. అటు శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి వేరయ్యాయి, ఇటు బోరబండ, యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ కలిపి జూబ్లీహిల్స్ అన్నారు. దానం కూడా అంతకుముందు ఆసిఫ్‌నగర్ మనిషి. అదే పునర్విభజనలో ఆ సీటే లేకుండా పోయింది.

2009 ఏప్రిల్ 16, పోలింగ్ రోజు. నాయనమ్మను నేనే బూత్‌కు తీసుకెళ్లా. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. బయట టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాడు స్లిప్ రాసిచ్చి "జూబ్లీహిల్స్, లోపల రెండో రూమ్" అన్నాడు. నాయనమ్మ కదల్లేదు.

"మేమెప్పుడు జూబ్లీహిల్స్‌ల ఉన్నం బిడ్డా? మాది ఖైరతాబాద్. సరిగ్గ చూడు."

అతను ఓపిగ్గా చెప్పాడు, ఇప్పుడు పేరు మారింది, ఓటు ఇక్కడే అని. ఆమె వినలేదు. స్లిప్ అక్కడే పెట్టేసింది. వెనక లైన్‌లో ఉన్న ఆడవాళ్లు కూడా తమ స్లిప్పులు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఒకామె "మన ఇండ్లు గూడ జూబ్లీహిల్స్‌ల కలిపిండ్రా, ఇగ టాక్స్ పెంచుతరేమో" అంది. నాకు టెన్షన్ మొదలైంది, ఎవరూ ఓటేయకుండా వెళ్లిపోతారేమో అని. చివరికి ఆ కుర్రాడే "అమ్మా, పీజేఆర్ కొడుకే నిలబడ్డడు ఇక్కడ" అన్నాడు. నాయనమ్మ స్లిప్ తీసుకుని లోపలికి నడిచింది.

పీజేఆర్‌ను ఎందుకు తలుచుకుంటారు అనేదానికి నా దగ్గరున్న జవాబు ఇదే. నాయనమ్మకు ఆయన అంటే నీళ్లు. బిందెలు వరసగా పెట్టి ట్యాంకర్ కోసం కాచుకున్న రోజులు ఆమెవి. కృష్ణా నీళ్లు హైదరాబాద్‌కు తేవాలని ఆయన ఏళ్ల తరబడి కొట్లాడారు. బస్తీలో ఆ మాటే నిలిచింది.

విష్ణువర్ధన్ రెడ్డి ఆ ఎన్నికలో జూబ్లీహిల్స్‌లో గెలిచారు. 2014లో మాగంటి గోపీనాథ్ తెలుగుదేశం నుంచి, తర్వాత టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) నుంచి వరసగా గెలిచి, 2025 జూన్‌లో పోయారు. నవంబర్ ఉప ఎన్నికలో కాంగ్రెస్ నుంచి నవీన్ యాదవ్ వచ్చారు. ఆ ఉప ఎన్నికలో సగం మంది కూడా ఓటేయలేదు. దాన్ని ఎవరైనా జనం బద్ధకం మీద నెట్టేస్తే నేను ఒప్పుకోను. మా గల్లీలో సగం అద్దె ఇళ్లే. ఓనర్ అద్దె పెంచగానే జనం ఇల్లు మారతారు, ఓటు మాత్రం పాత అడ్రస్‌లోనే ఉండిపోతుంది.

ఇంకో బాధ, టీవీలవాళ్లది. ఆ ఉప ఎన్నిక మొదలైన రోజు నుంచీ జూబ్లీహిల్స్ అనగానే పెద్ద బంగళాలు, సినిమావాళ్ల కార్లు చూపించారు. నిజానికి ఆ బంగళాలున్న జూబ్లీహిల్స్ డివిజన్ (మున్సిపల్ వార్డు) ఓటు ఖైరతాబాద్‌కు వెళ్తుంది. జూబ్లీహిల్స్ ఎమ్మెల్యేను ఎన్నుకునేది బోరబండ, ఎర్రగడ్డ. మా డ్రైనేజీ చూపించమంటే ఎవరూ రారు.

నన్నడిగితే 2009లో బస్తీల బలం సగానికి పడిపోయింది. అంతకుముందు ఎంఎస్ మక్తా నుంచి బోరబండ దాకా బస్తీలన్నిటికీ ఒకే ఎమ్మెల్యే. అందరూ కలిసి అడిగితే కాదనడానికి ఎవరికైనా భయం ఉండేది. ఇప్పుడు వాళ్లు ఖైరతాబాద్ ఎమ్మెల్యే దగ్గరికి, మేము జూబ్లీహిల్స్ ఎమ్మెల్యే దగ్గరికి తిరుగుతున్నాం.

రాష్ట్ర విభజన చట్టంలో తెలంగాణ సీట్లు 119 నుంచి 153కి పెంచుతామని రాసి ఉంది. ఎప్పుడు చేసినా మళ్లీ గీతలు గీస్తారు. ఆ గీతలు గీసేవాళ్లు ముసాయిదా ఇచ్చాక అభ్యంతరాలు తీసుకుంటారు, బహిరంగంగా కూర్చుని వింటారు కూడా. ఈసారి మా బస్తీ నుంచి కాగితం వెళ్లేలా చూస్తా. మమ్మల్ని ముక్కలు చేయొద్దని, నియోజకవర్గానికి బోరబండ అని పేరు పెట్టమని రాస్తా.