రైలు ప్రయాణికుల ప్రశ్నలు: రిటైర్డ్ రైల్వే పోలీస్ ఇన్‌స్పెక్టర్ జవాబులు

ప్రశ్న: సార్, మాది తెనాలి. విజయవాడలో ఒక బట్టల షాపులో అకౌంట్లు చూస్తాను. రాత్రి ఇంటికొచ్చే బండిలో మహిళల బోగీలో నలుగురైదుగురం ఉంటాం. విజయవాడ ప్లాట్‌ఫారం మీద ఎటు చూసినా పోలీసులే. బండి కదిలాక ఒక్కరూ కనిపించరు. ఎవరెక్కడ ఉండాలో అసలు ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: అమ్మా, మీరు చెప్పింది నిజమే. ఇది ఒక్క తెనాలి బండి సంగతి కాదు. రైల్వేలో పోలీసును వేసేటప్పుడు మొదట జనం ఎక్కడున్నారో చూస్తారు. పండగ రద్దీ, మంత్రిగారి రాక, ధర్నా పిలుపు, అన్నిటికీ బందోబస్తు కావాలి. ఆ బందోబస్తు ప్లాట్‌ఫారం మీదే నిలబడుతుంది. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లకు భయం మొదలయ్యేది మాత్రం జనం దిగిపోయాక. దుగ్గిరాలలో ముగ్గురు దిగిపోతే కొలకలూరు దాటేసరికి బోగీలో మీరొక్కరే మిగలొచ్చు. అందుకే రాత్రి బండ్లకు ఎస్కార్ట్, అంటే బండిలో వెంట వెళ్లే పోలీసును, వేసేటప్పుడు ఎన్ని టిక్కెట్లు అమ్ముడయ్యాయన్న లెక్క పక్కనపెట్టి, ఏ స్టేషన్ తర్వాత ఏ బోగీ ఖాళీ అవుతుందో చూడాలని సర్వీసులో ఉన్నప్పుడూ వాదించాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

ఇక నిర్ణయించేది ఎవరంటే, రెండు శాఖలు. ఆర్‌పీఎఫ్, అంటే రైల్వే రక్షణ దళం, కేంద్రానిది. 1957 చట్టంతో ఏర్పడింది. మొదట్లో వాళ్ల పని రైల్వే ఆస్తికి కాపలా. ప్రయాణికుల రక్షణను కూడా 2003లో చట్టం సవరించి వాళ్లకు అప్పగించారు. జీఆర్‌పీ, అంటే ప్రభుత్వ రైల్వే పోలీసు, రాష్ట్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో పోలీసు శాఖను రాష్ట్రాలకిచ్చిన చోటే రైల్వే పోలీసును కూడా చేర్చారు. దొంగతనం, దోపిడీ, వేధింపు, హత్య ఏది జరిగినా ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేసేది జీఆర్‌పీయే. దాని ఖర్చులో సగం రైల్వే ఇస్తుంది, సగం రాష్ట్రం పెట్టుకుంటుంది. అంటే కొత్త ఔట్‌పోస్ట్ కావాలన్నా, పది పోస్టులు పెంచాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఆ ఫైలు తిరిగినంత కాలం ఉన్నవాళ్లతోనే నెట్టుకురావాలి.

ఆ ఉన్నవాళ్ల పనిలో ప్రయాణికులకు కనిపించని భాగం ఒకటుంది. తెల్లవారుజామున పట్టాలు చూసుకుంటూ నడిచే కీమన్‌కు ఒక శవం కనిపిస్తుంది. ఆయన స్టేషన్ మాస్టరుకు చెబుతాడు. స్టేషన్ మాస్టరు జీఆర్‌పీకి మెమో పంపుతాడు. హెడ్ కానిస్టేబుల్ అక్కడికి చేరాలి, పంచనామా రాయాలి, ఆ మనిషి ఎవరో కనుక్కోవాలి, శవాన్ని మార్చురీకి చేర్చాలి, ఇంటివాళ్లు వచ్చేదాకా ఉండాలి. ఆత్మహత్య కావచ్చు, పట్టాలు దాటుతూ జరిగింది కావచ్చు, పని మాత్రం అంతే. చిన్న జీఆర్‌పీ స్టేషన్‌లో పొద్దున్నే ఇలాంటి మెమో ఒకటొస్తే ఆ రోజు బీట్ (గస్తీ) పోయినట్టే. పైనుంచి సిబ్బందిని లెక్కపెట్టేటప్పుడు ఈ గంటలు లెక్కలోకి రావు. రావాలి. చనిపోయినవాడి దగ్గర నిలబడటం కూడా పోలీసు పనే, దానికి విడిగా మనుషులుండాలి.

మీరు చేయగలిగింది చెబుతాను. మహిళల బోగీలోకి మగవాళ్లు ఎక్కితే రైల్వే చట్టం 162వ సెక్షన్ కింద నేరం. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి భద్రత కోసమని చెప్పండి. బండి నంబరు, బోగీ ఇంజను వైపు ఉందా వెనక ఉందా, ఏ స్టేషన్ దాటారు, ఈ మూడూ చెప్పండి. "విజయవాడ దాటాక" అంటే ఉపయోగం లేదు. "కృష్ణా కెనాల్లో బండి ఆగినప్పుడు ఎక్కారు" అంటే పనికొస్తుంది. ఒకే చోటి నుంచి అలాంటి ఫోన్లు మళ్లీ మళ్లీ వస్తే ఆ చోట బీట్ వేయక తప్పదు.

ప్రశ్న: మేము ఖమ్మం వాళ్లం. హైదరాబాద్ నుంచి రాజమండ్రి పెళ్లికి వెళ్తుంటే రాత్రి స్లీపర్ కోచ్‌లో మా అత్తగారి బ్యాగు పోయింది. విజయవాడలో మెలకువ వచ్చి చూసుకుంటే లేదు. స్టేషన్‌లో చెబితే "ఎక్కడ పోయింది, ఎవరి లిమిట్స్?" అని అడిగారు. నిద్రపోయేవాళ్లకు లిమిట్స్ ఎలా తెలుస్తాయండీ?

జవాబు: మీ కోపం న్యాయమైనది. ముందు చట్టం చెబుతాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా మీరు వెళ్లిన స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత దాన్ని సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేసుకోవడం వాళ్ల పని. కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అసలు ఫిర్యాదు కోసం మీరు దిగాల్సిన పనే లేదు. ఎస్కార్ట్ పోలీసు దగ్గరో, టీటీఈ దగ్గరో, గార్డు దగ్గరో ఫారం ఉంటుంది. నింపి ఇచ్చి ప్రయాణం కొనసాగించవచ్చు.

అయితే "ఎక్కడ పోయింది" అన్న ప్రశ్నను నేను తప్పుపట్టను. మిమ్మల్ని పంపించేయడానికి అడిగితే తప్పు. పట్టుకోవడానికి అడిగితే, ఆ కేసులో అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న లేదు. మీ దారినే చూడండి. వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం, మధిర, ఎర్రుపాలెం వరకు తెలంగాణ. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్. 2014 దాకా ఒకే రాష్ట్ర పోలీసు కాబట్టి ఒక వైర్‌లెస్ మెసేజ్‌తో పని జరిగేది. ఇప్పుడు ఎర్రుపాలెం దాటితే వేరే ప్రభుత్వం, వేరే అధికారులు. పట్టాలకు ఆ సరిహద్దు లేదు, దొంగకూ లేదు. డోర్నకల్లో ఎక్కి మధిరలో దిగి, ఎదురు బండిలో వెనక్కి వెళ్లిపోతాడు. మీరు విజయవాడలో లేచేసరికి అతను ఇల్లు చేరి ఉంటాడు.

రైల్వే డివిజన్ల హద్దులు ఒకలా, రాష్ట్రాల హద్దులు ఇంకోలా ఉండటం దీనికి తోడు. గూడూరు దాటాక సూళ్లూరుపేట, తడ ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నా ఆ లైను చెన్నై డివిజన్‌ది. రాయచూరు కర్ణాటకలో ఉన్నా ఏళ్ల తరబడి గుంతకల్ డివిజన్ కింద నడిచింది. పలాస మన శ్రీకాకుళం జిల్లాది, రైలు లెక్కలో ఏళ్ల తరబడి ఖుర్దా రోడ్ డివిజన్ కింద నడిచింది. అంటే అలాంటి చోట్ల ఆర్‌పీఎఫ్ ఒక ఊరి నుంచి ఆదేశాలు తీసుకుంటుంది, జీఆర్‌పీ ఇంకో ఊరి నుంచి. ఈ అతుకుల దగ్గరే ఎస్కార్ట్ దిగిపోయి వేరేవాళ్లు ఎక్కాలి. ఎక్కేవాళ్లు రాకముందే దిగేవాళ్లు దిగిపోతే బండి కాసేపు ఎవరిదీ కాదు. ప్లాన్ చేసేవాళ్లు మొదట చూడాల్సింది ఈ మారే చోటునే అని నా నమ్మకం. రాష్ట్రం హద్దు ఎక్కడుంటే అక్కడ ఎందుకు మారాలి? ఆగే పెద్ద స్టేషన్‌లో, వెలుతురులో, ఒకరికొకరు ఎదురుపడి మారాలి. ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం సాగిన దారిలోని ఏ కోర్టయినా విచారించవచ్చని చట్టమే వీలు కల్పించింది. పోలీసులం మనమెందుకు గీతలు గీసుకోవాలి?

మీరు ఇప్పుడైనా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి గుర్తుచేసుకోండి. అత్తగారు మందులు వేసుకోవడానికి ఎన్నింటికి లేచారు? అప్పుడు బ్యాగు ఉందా? పిల్లలు బాత్‌రూమ్‌కి వెళ్లింది వరంగల్ ముందా, తర్వాతా? ఆ రెండు సమయాలూ దొరికితే మధ్యలో ఆగిన స్టేషన్లు మూడో నాలుగో మిగులుతాయి. వాటి కెమెరాలే చూడాలి. ఫుటేజీ కొన్నాళ్లే ఉంటుంది, కాబట్టి వెంటనే రాసివ్వండి.

ప్రశ్న: కేసముద్రం దగ్గర టీచర్‌ని. మా బడి పిల్లలు కొందరు వందేభారత్ మీద రాళ్లేశారని పోలీసులు వచ్చి వెళ్లారు. ఇది అంత పెద్ద నేరమా?

జవాబు: పెద్దదేనండీ. రైల్వే చట్టం 153వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. అద్దం పగిలితే లోపల కూర్చున్నవాళ్ల కళ్లు పోతాయి. పిల్లలు కాబట్టి బాలల చట్టం ప్రకారం చూస్తారు, కానీ తల్లిదండ్రులు తిరగడం తప్పదు. ఆర్‌పీఎఫ్ వాళ్లను ఒకసారి బడికి పిలవండి. విసిరిన రాయి పరుగెత్తే రైలుకు ఎంత వేగంతో తగులుతుందో మీ సైన్సు మాస్టారితో లెక్క వేయించి చూపించండి. భయపెట్టడం కన్నా అది బాగా ఎక్కుతుంది.

ప్రశ్న: రాజమండ్రిలో మాకు చిన్న హోటల్ ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. 2015 గుర్తొస్తే ఇప్పటికీ టెన్షన్. ఈసారి రైలులో వచ్చే జనం కోసం పోలీసులు ఏం చేయాలంటారు?

జవాబు: 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజే, పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. అది స్టేషన్‌లో జరగలేదు. కానీ ఆ ఘాట్‌కు గోదావరి స్టేషన్ ఎంత దగ్గరో మీకు నేను చెప్పనక్కర్లేదు. బండి దిగినవాళ్లు నేరుగా ఆ ఘాట్‌కే నడుస్తారు. కాబట్టి ఘాట్ నిండిందని తెలిసిన నిమిషంలో స్టేషన్‌లో గేటు పడాలి, వెనక వస్తున్న స్పెషల్‌ను కొవ్వూరులోనో రాజమండ్రిలోనో ఆపాలి. ఇది జరగాలంటే జిల్లా పోలీసు, జీఆర్‌పీ, ఆర్‌పీఎఫ్, రైల్వే ఆపరేటింగ్ సిబ్బంది ఒకే గదిలో కూర్చోవాలి. ఫోన్లలో మాట్లాడుకుంటే ఆ కాసేపట్లోనే ఇంకో బండి వచ్చేస్తుంది.

రెండోది మెట్లు. 2025 ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో కుంభమేళాకు బయల్దేరిన జనం తొక్కిసలాటలో 18 మంది చనిపోయారు. ప్రయాగ్‌రాజ్ పేరుతో రెండు బండ్లు ఉండటంతో జనం గందరగోళపడ్డారని ఢిల్లీ పోలీసులు అప్పట్లో చెప్పారు. నెత్తి మీది పెద్ద మూట జారి పడటమే కారణమని రైల్వే ఆ తర్వాత చెప్పింది. కారణం ఏదైనా, జరిగింది మెట్ల మీదే. ఆ దుర్ఘటన తర్వాతే రద్దీ ఎక్కువగా ఉండే 73 స్టేషన్లలో జనాన్ని బయటే కూర్చోబెట్టే ఏర్పాట్లు చేయాలని రైల్వే నిర్ణయించింది. రాజమండ్రిలో నేను అడిగేది ఇది: ప్లాట్‌ఫారం ఒకసారి ప్రకటించాక బండి వచ్చేదాకా మార్చకూడదు. ఓవర్‌బ్రిడ్జిల మీద ఎక్కేదారి వేరు, దిగేదారి వేరు. పోలీసు మెట్ల కింద కాకుండా పైన నిలబడాలి. కింద నిలబడితే ముందున్న వీపులే కనిపిస్తాయి, పైనుంచి ఒత్తిడి ఎక్కడ పెరుగుతోందో కనిపిస్తుంది.

మూడోది, నాకు అన్నిటికన్నా భయం కలిగించేది, తిరుగు ప్రయాణం. వచ్చేవాళ్లు రాత్రంతా విడతలుగా వస్తారు. స్నానం, పిండప్రదానం అయ్యాక అందరూ ఒకేసారి ఇంటిదారి పడతారు. తడిబట్టల మూటలు, నీళ్ల డబ్బాలు, ముసలివాళ్లు, ఉపవాసాలు. కాబట్టి బందోబస్తు బలం తెల్లవారుజామున పెట్టి మధ్యాహ్నానికి తగ్గిస్తే ప్రమాదం. పొద్దున స్టేషన్ దగ్గర నిలబడ్డవాడికి మధ్యాహ్నం రిలీఫ్ ఇచ్చి, కొత్తవాళ్లను అంతే సంఖ్యలో వేయాలి. పన్నెండు గంటలు నిలబడిన కానిస్టేబుల్ జనాన్ని మర్యాదగా ఆపలేడు, అరుస్తాడు. అరుపుతో జనం పరుగెత్తుతారు.

తెలంగాణ వైపు బాసర, మంచిర్యాల, రామగుండం స్టేషన్లకు కూడా ఇవన్నీ వర్తిస్తాయి. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలం బస్సు ప్రయాణం. కాబట్టి అక్కడ ఆర్టీసీ బస్సుల సమయాలు చూడకుండా రైల్వే పోలీసు ప్లాన్ పూర్తికాదు. మీరు హోటల్ వాళ్లు కాబట్టి ఒక సాయం చేయండి: వచ్చిన కుటుంబాలకు చెప్పి పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టించండి.

ప్రశ్న: చర్లపల్లి దగ్గర ఉంటాం సార్. దూరం బండ్లు ఇక్కడికి మార్చారు. మా అమ్మాయి సెలవులకు అర్ధరాత్రి దిగుతుంది. లోపల స్టేషన్ బ్రహ్మాండంగా ఉంది. బయటికొస్తే ఆటోవాళ్ల బేరాలు, చీకటి రోడ్డు. రైల్వే పోలీసును అడిగితే "బయట మాది కాదు" అంటున్నారు.

జవాబు: చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టూ ఎన్నో ఏళ్లుగా హోటళ్లు, బస్టాపు, రాత్రంతా టీ కొట్లు పెరిగాయి. ఆ వెలుతురు, ఆ మనుషులే అక్కడ సగం కాపలా. చర్లపల్లికి బండ్లు ముందు వచ్చాయి, ఆ చుట్టుపక్కల బతుకు ఇంకా రాలేదు. బండ్లు మార్చే రోజునే పోలీసు సంగతి కూడా తేల్చాలి. ఏ బండి ఎన్నింటికి వస్తుందో నెలల ముందే తెలుసు కదా, దాన్ని చేతికిస్తే ఏ గంటలో బయట ఎంతమంది పోలీసులు కావాలో ఎవరైనా చెప్పగలరు.

"మాది కాదు" అన్న కానిస్టేబుల్ అబద్ధం చెప్పలేదు. రైల్వే స్థలం దాటితే సివిల్ పోలీసు పరిధి. మీ కాలనీ సంఘం తరఫున ఒకే అర్జీని మూడు చోట్ల ఇవ్వండి: స్థానిక పోలీస్ స్టేషన్, జీఆర్‌పీ, స్టేషన్ మేనేజరు. అర్జీలో రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము అయిదు దాకా వచ్చే బండ్ల పేర్లు, సమయాలు రాయండి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా దీపాలు లేవో స్తంభాల నంబర్లతో సహా రాయండి. ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ రాత్రంతా ఉండాలని, దాని పక్కనే ఒక పోలీసు పాయింట్ కావాలని అడగండి. బయల్దేరే ఆటో నంబరు అక్కడ రాసుకుంటే చాలు, బేరాలు సగం తగ్గుతాయి. మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి: అర్ధరాత్రి దిగితే మీరు వచ్చేదాకా లోపల వెయిటింగ్ హాల్‌లోనే ఉండాలి. ఎవరైనా బయటికి పొమ్మంటే 139కి ఫోన్ చేయాలి.