తెలుగులో మొదటి మహిళా దర్శకురాలు ఎవరు? విజయనిర్మలేనా?

కాదు, భానుమతీ రామకృష్ణ. 1953లో వచ్చిన 'చండీరాణి'కి ఆమే దర్శకురాలు. 1939లో నటిగా తెరమీదికి వచ్చిన భానుమతి తర్వాత భర్త పి.ఎస్.రామకృష్ణారావుతో కలిసి భరణీ పిక్చర్స్ పెట్టారు. సొంత సంస్థ కాబట్టి దర్శకత్వం ఇమ్మని ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 'చండీరాణి'నే తీసుకోండి: తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీశారు, అందులో ద్విపాత్రాభినయమూ ఆమెదే. పాటలు ఎలాగూ తనే పాడుకుంటారు!

విజయనిర్మల పేరు వినిపించడానికి కారణం గిన్నిస్ రికార్డు. 2002లో ఆమెకు ఆ గుర్తింపు వచ్చింది ఎక్కువ సినిమాలకు దర్శకత్వం వహించిన మహిళగా, అంటే సంఖ్యకు. మొదటి మహిళ అని కాదు. తెలుగులో ఆమె దర్శకత్వం మొదలైంది 1973లో, 'మీనా'తో.

భానుమతిని దక్షిణాదికే మొదటి దర్శకురాలు అనడమూ సరికాదు. తమిళంలో టి.పి.రాజలక్ష్మి 1936లోనే 'మిస్ కమల' తీశారు.