సిగ్నల్ లేని గట్టు మీద మోడల్ నడపాలంటే

కావలి

చిరంజీవి అల్లుడికి,

మీ మేనత్త ఆశీస్సులు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. రొయ్యల చెరువుల దగ్గర గబగబా రాసుకున్న నోట్సును రైతులకు పంపే రిపోర్టుగా మార్చడానికి ఫోన్‌లోనే ఒక లాంగ్వేజ్ మోడల్ (అడిగింది రాసిపెట్టే ఏఐ) పెట్టుకోవాలన్నావు. బకింగ్‌హామ్ కాలువ దాటాక సిగ్నల్ సరిగా ఉండదన్నావు. రైతుల లెక్కలు ఎవరి సర్వర్‌కో పంపడం ఇష్టం లేదని కూడా అన్నావు. నాకు ఈ రెండో కారణమే గట్టిగా అనిపించింది. ఎవరి చెరువులో ఎంత కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఉందో, పట్టుబడి (రొయ్యలు పట్టడం) ఎప్పుడో ముందే బయటికి పొక్కితే కొనేవాడు రేటు ఎలా మాట్లాడతాడో నీకు వేరే చెప్పాలా?

నీ ప్రశ్నలన్నీ ఏ మోడల్ మంచిదనే. దాని కంటే ముందు, దానితో ఏ పని చేయిస్తావో తేల్చుకో. ఫోన్‌లో పట్టే మోడల్‌కు లోకజ్ఞానం తక్కువ, ధైర్యం ఎక్కువ. కాగితం చేతికిచ్చి "దీన్ని శుభ్రంగా రాసిపెట్టు" అంటే బాగానే రాస్తుంది. కాగితం ఇవ్వకుండా "చెప్పు" అంటే కల్పిస్తుంది. కాబట్టి నీ నోట్సు ఇచ్చి రిపోర్టు రాయించుకో, పెద్ద సర్క్యులర్ ఇచ్చి నాలుగు ముక్కల్లో చెప్పించుకో. రొయ్యకు తెల్లమచ్చ రోగం వస్తే ఏం వేయాలని మాత్రం అడగకు. ఏ మందు పేరైనా తడుముకోకుండా చెప్పేస్తుంది. క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు మన దేశంలో ఆక్వాలో నిషేధం. సరుకులో వాటి ఆనవాళ్లు దొరికితే విదేశాల్లో కంటైనర్ మొత్తం వెనక్కి కొడతారు. ఆ సంగతి మోడల్‌కు గుర్తుంటుందని నమ్మి రైతుకు మెసేజ్ పెట్టావంటే మాట పడేది నువ్వే.

లెక్కలు కూడా దానికి ఇవ్వకు. సగటు బరువు 20 గ్రాములంటే 50 కౌంట్ అని నువ్వు నిద్రలో చెప్తావు. అది మెలకువగా ఉండి కూడా తప్పు చెప్పగలదు. మేత లెక్క, బతికిన శాతం ఎక్సెల్ షీట్‌లో తేల్చుకుని, వచ్చిన అంకెను నోట్సులో పెట్టు.

ఇక ఫోన్. అసలు విషయమంతా ర్యామ్‌లో ఉంది. మోడల్ అంటే కోట్ల కొద్దీ అంకెలు (పారామీటర్లు) ఉన్న ఒక పెద్ద ఫైల్. ఒక్కో అంకెను 16 బిట్లలో, అంటే రెండు బైట్లలో, దాస్తే 300 కోట్ల పారామీటర్ల మోడల్‌కు 6 జీబీ కావాలి. అదే అంకెలను సుమారు 4 బిట్లకు కుదిస్తే ఒకటిన్నర నుంచి 2 జీబీకి వస్తుంది. దీన్నే క్వాంటైజేషన్ అంటారు. కుదించినందువల్ల తెలివి కొంత తగ్గుతుంది కానీ 4 బిట్ల వరకు పనికి అడ్డం రాదు. అంతకన్నా కిందికి పోతే మాట తడబడటం మొదలవుతుంది, అందులోనూ తెలుగులో ముందు తడబడుతుంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫైల్ పేరులో "క్యూ4 కే ఎం" (Q4_K_M) అని కనిపించేది తీసుకో.

నీ ఫోన్‌లో 8 జీబీ ఉందన్నావు. ఆండ్రాయిడ్, వాట్సాప్, మిగతా యాప్‌లు వాటి వాటా అవి తినగా మిగిలిన దాంట్లో 300, 400 కోట్ల పారామీటర్ల మోడల్ హాయిగా నడుస్తుంది. 700 కోట్లది ఎక్కించావా, ఫోన్ మిగతా యాప్‌లన్నిటినీ చంపి చివరికి దాన్నీ చంపుతుంది. డబ్బా మీద "8+8" అని రాసుంటుంది చూడు, ఆ రెండో ఎనిమిదికి మురిసిపోకు. అది స్టోరేజ్‌లోంచి అరువు తెచ్చింది, ఈ పనికి ఎందుకూ కొరగాదు.

వేగం సంగతి కూడా ర్యామ్‌తోనే ముడిపడి ఉంది. మోడల్ మాటలను ముక్కలుగా రాస్తుంది, ఆ ముక్కను టోకెన్ అంటారు. ఒక్కో టోకెన్ రాయడానికి 2 జీబీ ఫైల్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవాలి. మెమరీ సెకనుకు 15 జీబీ అందిస్తుందనుకో, ప్రాసెసర్ ఎంత గొప్పదైనా సెకనుకు ఏడు టోకెన్లు దాటవు. అందుకే మోడల్ సైజు సగం చేస్తే వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుంది.

ఇక్కడే తెలుగువాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. ఇంగ్లీషులో ఒక అక్షరం ఒక బైట్. తెలుగులో అక్షరానికి, గుణింతం గుర్తుకు విడివిడిగా మూడేసి బైట్లు. "చెరువు" అనే మూడక్షరాల మాటకు 18 బైట్లు. తెలుగు సరిగా నేర్వని మోడల్ ఆ మాటను ముక్కలు ముక్కలుగా నరికి ఒక్కో ముక్కనే కష్టపడి రాస్తుంది. సెకనుకు ఏడు టోకెన్లు ఇంగ్లీషులో నాలుగైదు మాటలైతే, తెలుగులో ఒక్క మాట కూడా పూర్తికాకపోవచ్చు. లామా 3.2 చిన్న మోడళ్లకు మెటా ప్రకటించిన ఎనిమిది భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. గూగుల్ వాళ్ల జెమ్మా 3లో 400 కోట్ల మోడల్ 140కి పైగా భాషలు చదివింది, దాని పదకోశం (దానికి తెలిసిన టోకెన్ల పట్టిక) కూడా పెద్దది. నువ్వు ముందు దాన్నే పట్టుకో. బెంగళూరు సర్వం కంపెనీ 2024లో వదిలిన సర్వం-1 తెలుగు మాటలను తక్కువ ముక్కల్లో రాస్తుంది, చిన్నది కూడా. కానీ అది వాక్యాన్ని కొనసాగించే మోడల్. "ఇది చెయ్యి" అంటే వినేలా దానికి తర్ఫీదు లేదు. నీకు అది ఇప్పుడు వద్దు.

ఎక్కించడానికి రెండు దారులు. తేలిక దారి, పాకెట్‌పాల్ లాంటి యాప్ వేసుకుని అందులోంచే మోడల్ దించుకోవడం. మొదటి వారం అంతే చెయ్యి. నీకు నచ్చితే రెండో దారికి రా. టెర్మక్స్ (ఆండ్రాయిడ్ మీద కమాండ్లు కొట్టే యాప్) వేసుకుని, మోడళ్లను నడిపే లామా డాట్ సీపీపీ అనే ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ దించి ఫోన్‌లోనే కంపైల్ చేసుకోవడం (నడిచే రూపంలోకి మార్చుకోవడం). 2023 మార్చిలో గియోర్గీ గెర్గనోవ్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు మెషీన్లలో మోడళ్లు నడుస్తున్నాయంటే చాలావరకు దాని చలవే. టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి తీసుకో. అందులో గిట్, సీమేక్, క్లాంగ్ అనే కంపైల్ పనిముట్ల ప్యాకేజీలు వేసుకుంటే చాలు. కంపైల్ అయ్యేటప్పుడు ఫోన్ వేడెక్కుతుంది, టెన్షన్ పడకు, కవర్ తీసి ఫ్యాన్ కింద పెట్టు. సొంతంగా కంపైల్ చేసుకుంటే నీ ప్రాసెసర్‌కున్న ప్రత్యేక ఆదేశాలను (ఇన్‌స్ట్రక్షన్లను) అది వాడుకుంటుంది. పైగా సర్వర్‌గా నడిపి, అదే ఫోన్ బ్రౌజర్‌లో 8080 పోర్టు తెరిచి వాడుకోవచ్చు.

కొన్ని సెట్టింగులు. థ్రెడ్లు (ఒకేసారి పనిలో పెట్టే ప్రాసెసర్ కోర్ల లెక్క) నాలుగు పెట్టు. ఎనిమిది కోర్లున్నాయని ఎనిమిదీ ఇస్తే, నెమ్మది కోర్ల కోసం వేగం కోర్లు ఆగాల్సి వచ్చి మొత్తం పని కుంటుతుంది. కాంటెక్స్ట్ (ఒకేసారి గుర్తుంచుకునే టోకెన్ల సంఖ్య) 2048తో మొదలుపెట్టు, అది పెంచిన కొద్దీ ర్యామ్ తింటుంది. టెంపరేచర్ (మాటల ఎంపికలో ఎంత తెగింపు చూపాలో చెప్పే అంకె) 0.2 దగ్గర ఉంచు, నీకు కావాల్సింది రిపోర్టు, కవిత్వం కాదు. మధ్యలో "సిగ్నల్ 9" అని చూపించి టెర్మక్స్ పడిపోతే అది మోడల్ తప్పని తిట్టుకోకు. ఆండ్రాయిడ్ 12 నుంచి వెనకాల నడిచే ప్రాసెస్‌లను ఫోనే చంపేస్తోంది. కొత్త ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆ ఆంక్షను తీసేయొచ్చు. నోటిఫికేషన్‌లో వేక్ లాక్ (ఫోన్ నిద్రపోకుండా ఉంచేది) కూడా నొక్కు. మే నెల ఎండలో గట్టు మీద నిలబడి నడపకు, ఛార్జింగ్ పెట్టి అసలే నడపకు. వేడి పెరిగితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. షెడ్డు నీడలోకి వచ్చాక ఆ రోజు నోట్సు మొత్తం ఒకేసారి ఇచ్చి రాయించుకో.

అడిగే తీరు గురించి కాస్త. "మంచి రిపోర్టు రాయి" అంటే మంచి అబద్ధం రాస్తుంది. ఇలా అడుగు: "కింది నోట్సును రైతుకు పంపే మెసేజ్‌గా రాయి. నోట్సులో లేని మాట చేర్చకు. అంకెలు మార్చకు. ఏదైనా లేకపోతే, రాయలేదు అని పెట్టు." దాని కింద నువ్వు చేత్తో రాసిన పాత రిపోర్టులు రెండు, వాటి నోట్సుతో సహా నమూనాగా అతికించు. ఆ నమూనాలు చూశాక మన వైపు మాటలు, "చెక్ ట్రేలో మేత మిగిలింది", "లూజ్ షెల్ కనపడింది" లాంటివి, అలాగే ఉంచుతుంది. మన మాట వచ్చే మోడల్‌ను నువ్వే తయారు చేస్తానన్నావు కదా, ఆ పని ఫోన్‌లో అయ్యేది కాదు. అద్దెకు తీసుకున్న జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద నీ రిపోర్టులతో కొంచెం తర్ఫీదిచ్చి, లామా డాట్ సీపీపీ చదవగలిగే జీజీయూఎఫ్ ఫైల్‌గా మార్చి ఫోన్‌లోకి తెచ్చుకోవాలి. దానికి కొన్ని వందల శుభ్రమైన రిపోర్టులు కావాలి, నీ దగ్గర ప్రస్తుతం ఉన్నవి వాయిస్ మెసేజ్‌లు. నమూనాలతో కుదరకపోతే అప్పుడు చూద్దాం.

పంపే ముందు అంకెలు మాత్రం నువ్వే చూడు. డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) 3.8ని 8.3 చేసిందంటే చదవడానికి వాక్యం అందంగానే ఉంటుంది, రైతు మాత్రం ఆ రాత్రి నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆపేసి పడుకుంటాడు. నోట్సు, రిపోర్టు పక్కపక్కన పెట్టి అంకెలు వరుసగా టిక్ కొట్టుకో.

మోడల్ ఫైల్ దించేది ఇంటి వైఫై మీద, మధ్యలో తెగితే ఆగిన చోటినుంచి కొనసాగేలా. దించాక ఒక కాపీ మెమరీ కార్డులో వేసుకో. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి నడిపి చూడు. నీ పాత నోట్సు ఓ పది దానికిచ్చి, అది రాసింది ఏదీ దిద్దకుండా నాకు పంపు, రైతుల పేర్లు తీసేసి. వదిన మోకాలి నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

మీ మేనత్త